సివ్ 6 గ్యాదరింగ్ స్టార్మ్ ఫస్ట్ ఇంప్రెషన్స్: వరదొచ్చే చోటే సిటీ పెట్టండి

హాయ్ అందరికీ, ఈరోజు సివిలైజేషన్ 6 అనే స్ట్రాటజీ గేమ్‌లో గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్, అంటే అసలు గేమ్‌కి అదనంగా కొనుక్కునే భాగం, ఓపెన్ చేసి మొదటి రెండు మూడు ఎరాలు, అంటే యుగాలు, ఎలా ఆడాలో చూద్దాం. బేస్ గేమ్ 2016 అక్టోబర్‌లో వచ్చింది, ఈ ఎక్స్‌పాన్షన్ 2019 ఫిబ్రవరి 14న వచ్చింది, కొత్తదేం కాదు, కానీ సేల్‌లో బేస్ గేమ్ ఒక్కటే కొనుక్కుని దీన్ని తీసుకోవాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసమే ఈ వీడియో. నా మాట ముందే చెప్పేస్తా, తీసుకోండి. బేస్ గేమ్‌లో సిటీలు పెట్టేశాక మ్యాప్‌ని మళ్ళీ పట్టించుకునే పనే ఉండదు, నది అంటే నీళ్ళు, కొండ అంటే అడ్డం, అంతే. ఇందులో మ్యాప్ కూడా మనతో పాటు ఆడుతూ ఉంటుంది, నది పొంగుతుంది, అగ్నిపర్వతం పేలుతుంది, కరువొస్తుంది, చివరికి సముద్రం కూడా లోపలికొస్తుంది.

సరే, సెటప్‌కి వద్దాం. క్రియేట్ గేమ్‌లోకి వెళ్ళి రూల్‌సెట్ దగ్గర గ్యాదరింగ్ స్టార్మ్ సెలెక్ట్ అయి ఉందో లేదో చూసుకోండి. ఇంకో విషయం, రైజ్ అండ్ ఫాల్ అని ముందొచ్చిన ఎక్స్‌పాన్షన్ మీ దగ్గర లేకపోయినా దాంట్లోని గవర్నర్లు, లాయల్టీ, గోల్డెన్ ఏజ్, డార్క్ ఏజ్ ఇవన్నీ ఇందులోనే వచ్చేస్తాయి, అందులోని సివిలైజేషన్లు మాత్రం రావు. కింద డిజాస్టర్ ఇంటెన్సిటీ అని ఒక స్లైడర్ ఉంది చూడండి, 0 నుంచి 4 దాకా, మామూలుగా 2 మీద ఉంటుంది, మొదటి గేమ్‌కి దాన్ని కదపొద్దు. డిఫికల్టీ ప్రిన్స్ పెట్టండి, అక్కడ ఏఐకి, అంటే కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థులకి, ఎక్స్‌ట్రా బోనస్‌లేం ఉండవు కాబట్టి ఏం జరిగినా ఎందుకు జరిగిందో మీకే తెలుస్తుంది. లీడర్ విషయానికొస్తే నేను రోమ్ తీసుకుంటున్నా, ట్రేజన్. ఈజిప్ట్ తీసుకోవచ్చు కదా అనుకుంటారేమో, ఈజిప్ట్‌కి వరద వల్ల నష్టమే ఉండదు, అది వాళ్ళ స్పెషల్ ఎబిలిటీ, దాంతో ఆడితే అసలు నేర్చుకోవాల్సిందే మిస్ అయిపోతారు.

ఇదిగో మన సెట్లర్, సిటీ పెట్టే యూనిట్. పక్కనే నది, నదికి రెండు వైపులా ఈ మెరుస్తున్న టైల్స్, అంటే మ్యాప్‌లోని గడులు, అన్నీ ఫ్లడ్‌ప్లెయిన్స్, నది పొంగితే మునిగే నేల. ఇక్కడ చాలామంది కొత్తవాళ్ళు, అమ్మో వరదలంట అని సెట్లర్‌ని నాలుగు టైల్స్ దూరం లాక్కెళ్ళిపోతారు, దానికి రెండు మూడు టర్న్‌లు వేస్ట్, పైగా మంచి భూమి వదిలేసినట్టు. వెళ్ళొద్దు, ఇక్కడే పెట్టేయండి. ఎందుకంటే ఈ గేమ్‌లో వరద పాడుచేసి ఊరుకోదు, కొన్ని టైల్స్‌కి ఫుడ్ పెంచి పోతుంది, ఒక్కోసారి ప్రొడక్షన్ కూడా, అది పర్మనెంట్‌గా ఉండిపోతుంది. మన గోదావరి లంకల్లో వరద తీశాక ఒండ్రుమట్టి మీద పంట ఎలా వస్తుందో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు మూడు సార్లు పొంగిన నది పక్కన సిటీకీ, నది దగ్గరికే పోని సిటీకీ మీడీవల్ ఎరా వచ్చేసరికి జనాభాలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ ఎక్స్‌పాన్షన్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, నష్టం లాభం రెండూ ఒకే చోట పెట్టి నీ ఇష్టం అని మన చేతికిచ్చారు.

అయితే నష్టం కూడా నిజంగానే ఉంటుంది, అందుకే ఏది ఎక్కడ కట్టాలన్నది ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. వరదలు మూడు రకాలు, మోస్తరుది, పెద్దది, థౌజండ్ ఇయర్ ఫ్లడ్ అని అన్నిటికంటే పెద్దది. వచ్చినప్పుడు పొలాలు పాడవుతాయి, అక్కడ నిలబడ్డ యూనిట్లకి దెబ్బ తగులుతుంది, పెద్దదైతే సిటీలో జనాభా కూడా తగ్గొచ్చు. పొలాలు, గనులు కట్టే బిల్డర్‌కి ఇన్నిసార్లే పని చెయ్యగలడని చార్జ్‌ల లెక్క ఉంటుంది, కానీ పాడైన పొలాన్ని వాడితో రిపేర్ చేస్తే చార్జ్ ఖర్చవ్వదు, ఇది చాలామందికి తెలీదు, కాబట్టి ఒక బిల్డర్‌కి ఆఖరి చార్జ్ వాడకుండా నది పక్కనే ఉంచేయండి, వరద వచ్చిన ప్రతిసారీ వాణ్ణే పంపి బాగుచేయించొచ్చు. డిస్ట్రిక్ట్, అంటే ఒక్కో పనికి సిటీ విడిగా ఒక టైల్ మీద కట్టే పేట, పాడైతే మాత్రం సిటీ ప్రొడక్షన్ పెట్టి రిపేర్ చేసుకోవాలి, అదయ్యేదాకా అది పనిచెయ్యదు. అందుకని ఫ్లడ్‌ప్లెయిన్స్ మీద పొలాలు పెట్టండి, సైన్స్ ఇచ్చే క్యాంపస్, మతానికి వాడే ఫెయిత్ ఇచ్చే హోలీ సైట్ లాంటి డిస్ట్రిక్ట్‌లు ఒక టైల్ వెనక్కి జరపండి, కట్టడానికి గేమ్ ఒప్పుకుంటుంది కదా అని కట్టెయ్యకండి.

పాటరీ రీసెర్చ్ అవ్వగానే గ్రేట్ బాత్ అనే వండర్, అంటే గేమ్ మొత్తంలో ఒక్కరే కట్టగలిగే కట్టడం, వస్తుంది, మొహెంజొదారోలో బయటపడిన ఆ పెద్ద స్నానఘట్టమే. ఫ్లడ్‌ప్లెయిన్స్ మీదే కట్టాలి, కట్టాక ఆ నది వరదకి ఇంక దెబ్బ ఉండదు, నది పొంగినప్పుడల్లా ఆ టైల్స్‌కి ఫెయిత్ కూడా కలుస్తుంది. మీ క్యాపిటల్ పొడుగాటి నది పక్కన పడితే మిగతా పనులు కొంచెం ఆపుకుని అయినా దీన్ని కట్టేయండి, నా లెక్కలో ఈ ఎక్స్‌పాన్షన్‌లో మొదట్లో దొరికే వండర్స్‌లో దీనికి మించింది లేదు.

అగ్నిపర్వతం గురించి ఒక్క మాట. పేలినప్పుడు దాని చుట్టూ ఆనుకుని ఉన్న టైల్స్ దెబ్బతింటాయి, ఆ తర్వాత అక్కడి మట్టి బలపడుతుంది, అదే సూత్రం. సిటీ సెంటర్‌ని అగ్నిపర్వతానికి ఆనించి పెట్టకుండా ఒక టైల్ గ్యాప్ ఇచ్చి పెడితే ఆ మట్టిలో పని చేయించుకోవచ్చు, సిటీ సేఫ్‌గా ఉంటుంది. దగ్గర్లో పొగలు కక్కే జియోథర్మల్ ఫిషర్ కనిపిస్తే దాని పక్కనే క్యాంపస్ పెట్టండి, ప్లస్ 2 సైన్స్ ఊరికే వస్తుంది. కరువుకి మందు ఆక్విడక్ట్, అంటే సిటీకి నీళ్ళు తెచ్చే కాలువ డిస్ట్రిక్ట్, రోమ్‌కైతే దాని బదులు బాత్ అని ఉంటుంది (ఇందాకటి గ్రేట్ బాత్ కాదు), అదీ పనికొస్తుంది.

ఇప్పుడు యుద్ధం చేసేవాళ్ళు వినాల్సింది. బేస్ గేమ్‌లో ఐరన్ గనులు ఒకటో రెండో మీ చేతిలో ఉంటే చాలు, ఎంతమందినైనా తయారుచేసుకోవచ్చు. ఇందులో ఐరన్ సరుకులా పోగవుతుంది, ఒక గని నుంచి టర్న్‌కి 2, కత్తి సైనికుడు సోర్డ్స్‌మన్ ఒక్కడికే 20 కావాలి, అంటే ఒకే గని ఉంటే పది టర్న్‌లకి ఒకడు. రోమ్‌కి వాడి బదులు వచ్చే లీజియన్‌కి 10 చాలు, నేను రోమ్ తీసుకున్నదానికి ఇదో కారణం. మొదట్లో 50 కంటే ఎక్కువ దాచుకోలేరు, కాబట్టి ఐరన్ 50 దగ్గర ఆగిపోయి కనిపిస్తే ప్రతి టర్న్ పారబోస్తున్నట్టే, యూనిట్ కట్టండి లేదా ఎవరికైనా అమ్మేయండి. ఈ మార్పు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇప్పుడు పక్కవాడి గని లాక్కోవడం అంటే వాడి సైన్యాన్ని నిజంగా ఆపినట్టు.

బొగ్గు, కరెంటు, సముద్రం పెరగడం ఇవన్నీ తర్వాతి ఎరాలవి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకోండి, తీరంలో సిటీ పెట్టేముందు టైల్ మీద మౌస్ ఉంచి టూల్‌టిప్ చదవండి, కోస్టల్ లోలాండ్ అని కనిపిస్తే అది ఎప్పటికైనా మునిగిపోవచ్చు. క్లైమేట్ చేంజ్ ఏడు ఫేజ్‌లుగా వస్తుంది, మొదట నీళ్ళొచ్చి ఆ టైల్ పాడవుతుంది, తర్వాత పూర్తిగా సముద్రంలో కలిసిపోతుంది, ఆపే ఫ్లడ్ బ్యారియర్ కంప్యూటర్స్ టెక్ దాకా రాదు, పైగా సముద్రం పెరిగేకొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది. అలాంటి టైల్ మీద విలువైన డిస్ట్రిక్ట్ పెట్టకండి.

అన్ని దేశాలూ తీర్మానాల మీద ఓటేసే వరల్డ్ కాంగ్రెస్ మీడీవల్ ఎరాలో మొదలవుతుంది, ఓట్లకి డిప్లమాటిక్ ఫేవర్ అనే పాయింట్లు కావాలి, సిటీ స్టేట్‌కి, అంటే ఒకే సిటీ ఉన్న చిన్న రాజ్యానికి, సుజరెయిన్ (పెద్దదిక్కు) అయితే టర్న్ టర్న్‌కీ అది వస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఇది అంతగా ఎక్కలేదు, మొదటి సెషన్లలో వచ్చే తీర్మానాలు మనం ఆడుతున్న ఆటకి దూరంగా ఉంటున్నాయి, నది ఇచ్చిన టెన్షన్‌లో సగం కూడా ఇవ్వట్లేదు.

ఇంక ఆఖర్న ఒక పని చేసి ఆపేద్దాం. బట్రెస్ టెక్ వచ్చాక డ్యామ్ కట్టొచ్చు, కానీ దానికి ఫ్లడ్‌ప్లెయిన్స్ టైలే కావాలి, ఆ టైల్‌కి కనీసం రెండు వైపులా నది తాకుతూ ఉండాలి, అలాంటివి సిటీకి ఒకటో రెండో ఉంటాయి. ఇదిగో ఇక్కడ నది వంపు తిరిగింది చూశారా, ఈ టైల్ సరిపోతుంది. మ్యాప్ పిన్ తీసుకుని డ్యామ్ అని ఇప్పుడే గుచ్చేయండి, దాని మీద పొలం పెట్టుకున్నా పర్లేదు గానీ వేరే డిస్ట్రిక్ట్ మాత్రం కట్టకండి, డిస్ట్రిక్ట్ ఒకసారి పెడితే మళ్ళీ తీసెయ్యలేం. పిన్ పెట్టాక నెక్స్ట్ టర్న్ నొక్కండి.