ఎపిసోడ్ 23: పచ్చ అంటే ఏ పచ్చ?

మరదలు: నమస్కారం. మన చీరల సైట్లో ఫిల్టర్లు ఎలా పెట్టామో ఈవారం చెబుతామన్నాం. వదినా, ఇవాళ ఇస్త్రీపెట్టె ఊసెత్తొద్దు.

వదిన: నేనెక్కడ ఎత్తాను? నువ్వే ఎత్తావు.

మరదలు: సరే. మన సైట్ నడిచేది వూకామర్స్ మీద, అంటే ఆన్‌లైన్ దుకాణం పెట్టుకునే సాఫ్ట్‌వేర్. రంగు, బట్ట, ఊరు, ధర, ఈ నాలుగే ఫిల్టర్లు. మొదట్లో నేను ఒక్కో చీర పేజీలోకి వెళ్లి అక్కడే ‘బట్ట: కాటన్’ అని టైపు చేశాను. అది ఆ పేజీలో కనిపిస్తుంది గానీ ఫిల్టర్లోకి రాదు. మెనూలో ప్రొడక్ట్స్ కింద ఆట్రిబ్యూట్స్, అంటే రంగు, బట్ట లాంటి లక్షణాలు, అని ఉంటుంది. అక్కడ ఒకసారి రాసుకుని, ప్రతి చీరకీ అందులోంచే ఎంచుకోవాలి. 140 చీరలు మళ్లీ మొదటినుంచి చేశాను.

వదిన: అంచు?

మరదలు: అంచుకి ఫిల్టర్ లేదు.

వదిన: అదే నా ఏడుపు. మంగళగిరి చీర ఒళ్లంతా సాదా, అందమంతా ఆ నిజాం అంచులోనే ఉంటుంది. సన్నంచా, పెద్దంచా అని అడగకుండా చీర కొనేదెవరే?

మరదలు: వస్తా, వస్తా. ముందు రంగు.

వదిన: రంగా! అయితే ఆ పచ్చ చీర సంగతి చెప్పు.

మరదలు: చెప్పనా? రంగు ఫిల్టర్లో ‘పచ్చ’ అని పెట్టాను. ఆకుపచ్చ అనే నా ఉద్దేశం.

వదిన: మా అమ్మమ్మకి పచ్చ అంటే పసుపు. పచ్చగా పండింది అంటాం, పండు ఆకుపచ్చగా ఉంటుందా?

మరదలు: ఫొటో ఉంది కదా!

వదిన: కొన్నది మనవరాలు, ఫోన్లో. కావాలన్నది అవ్వ, పెళ్లికూతుర్ని చేసే రోజుకి. మనవరాలు ‘పచ్చ’ నొక్కింది, చిలకాకుపచ్చ వెళ్లింది. ఆ కొరియర్ రానూపోనూ నేనే కట్టాను.

మరదలు: అంటే తప్పు నాదేనా?

వదిన: నేనలా అన్నానా?

మరదలు: అన్నట్టే ఉంది.

(కాసేపు మాటల్లేవు)

వదిన: డబ్బుల గురించి కాదే. మళ్లీ పంపేలోపు ముహూర్తం అయిపోయింది. ఆవిడ ఫోన్లో ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

మరదలు: ...ఆ రాత్రే మార్చాను. ఇప్పుడు ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ వేరువేరు. పక్కన చిన్న రంగు చుక్క కూడా.

వదిన: మరి నెమలికంఠం?

మరదలు: అమ్మో. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కిటికీ దగ్గర ఒక రంగు, ట్యూబులైటు కింద ఇంకో రంగు. రెండు రంగులకీ టిక్ పెట్టాను.

వదిన: ఉల్లిపొర రంగు?

మరదలు: గులాబీలో కలిపాను.

వదిన: గులాబీయా! ఉల్లిపాయ వలిచిన మొహమేనా అది?

మరదలు: (నవ్వుతూ) నలభై రంగులు పెడితే ఫోన్లో వేలు నొప్పెడుతుంది వదినా! ఇంకోటి, గద్వాల చీర. ఒళ్లు కాటన్, అంచు పట్టు. దానికీ రెండు టిక్కులే. ఒకే ఫిల్టర్లో రెండు నొక్కితే ఏదో ఒకటి ఉన్నా చూపించాలా, రెండూ ఉన్నవే చూపించాలా అని సెట్టింగ్ ఉంటుంది. ‘రెండూ’ అని పెడితే కాటన్, పట్టు నొక్కినవాళ్లకి మన సైట్లో గద్వాలే మిగులుతుంది.

వదిన: చూశావా, అంచు దగ్గరికే వచ్చావు.

మరదలు: ధర గురించి చెప్పనేలేదు.

వదిన: ధరేముంది, ఎంతనుంచి ఎంతవరకు అని గీత జరుపుకుంటారు. అంచు ఎన్ని అంగుళాలో...

మరదలు: 140 చీరల అంచులు టేపుతో కొలిచేదెవరు?

వదిన: టేపు ఇస్త్రీపెట్టె కిందే ఉంది.

మరదలు: వదినా!