మా నాయన చిట్టా పుస్తకంలో పది రూపాయల నోట్లు

నమస్తే అండీ! డాలస్ నుంచి కడపకు వచ్చి నాలుగు రోజులైంది, జెట్‌ల్యాగ్ ఇంకా వదల్లేదు. పొద్దున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. నిన్న అట్లా లేచి కూర్చుంటే నాయన కూడా లేచి, బీరువాలోంచి తను అంగడి నడిపిన కాలం నాటి చిట్టా పుస్తకం తీశాడు. కారం దోశ వీడియో అడిగినవాళ్లు ఒక్కరోజు ఆగండి, ఈరోజంతా ఈ పుస్తకమే.

దగ్గరగా చూపిస్తా. పేజీకి ఒక నోటు, మడత లేకుండా. పాతవాటికి ఒక పక్క చిల్లులు కనిపిస్తున్నాయా? 2001 వరకు బ్యాంకు కట్టలకు పిన్నులు కొట్టేవాళ్లు, అవి ఆ గుర్తులే.

ఎక్కువ భాగం నంబరు చివర 786 ఉన్న నోట్లు. ముస్లింలు దేవుని పేరు తలుచుకునే బిస్మిల్లాలో అరబ్బీ అక్షరాలకుండే విలువలు కూడితే వచ్చే సంఖ్య అది. పెద్ద దర్గాకు అందరం పోయే ఊరు మాది, ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చే ఊరు. ఆ నంబరంటే మా ఇంట్లోనూ ఇష్టమే. కొత్త కట్ట చేతికొస్తే నాయన ముందు పై నోటు చూసేవాడు. చివర 701 ఉంటే ఎనభై ఆరో నోటు 786 అన్నమాట. వరస తప్పని వెయ్యి నోట్లలో అలాంటిది ఒక్కటే. దాన్ని తీసి పక్కవీధి టైలర్ మామ కోసం దాచేవాడు. పదికి పదే, రూపాయి ఎక్కువ తీసుకునేది లేదు.

ఆ మామకే ఒకసారి ఫోనొచ్చింది. 786 నోటుకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టమన్నారు. పాపం, రెండు వేలు కట్టేశాడు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఇలాంటివి నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి.

ఈ నోటు మీద అంకెలకు ముందు నక్షత్రం చూడండి. అచ్చులో చెడిపోయిన నోటుకు బదులు వేసింది. 2006లో పది, ఇరవై, యాభై నోట్లతో మొదలైంది. డాలరుకైతే నక్షత్రం చివర్లో ఉంటుంది. నోటు నంబరులో పుట్టినరోజు తేదీ వెతికేవాళ్లూ ఉంటారు. డాలరు మీద ఎనిమిది అంకెలు కాబట్టి పుట్టినరోజు ఏడాదితో సహా పడుతుంది. మన నోటుకు ఆరే అంకెలు: తేదీ, నెల, ఏడాదిలో చివరి రెండు.

మా పాప 2019 మార్చి 21న పుట్టింది. అప్పటినుంచి నాయన 210319 కోసం వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు. మొదటి పుట్టినరోజుకు అమ్మా నాయనా డాలస్ రావాలని టిక్కెట్లు కొన్నారు, కరోనా టెన్షన్‌లో రద్దు చేసుకున్నారు. ఆ తర్వాత ఒక్క పుట్టినరోజుకూ రాలేకపోయారు.

ఇప్పుడు చివరి పేజీ. ఈ ఒక్క పేజీలో మాత్రం ఆరు కొత్త నోట్లు, వరసగా. మొదటిది 210320. నాకు వెంటనే అర్థం కాలేదు. నాయన నంబరు మీద వేలు పెట్టి, "ఇది పాప మొదటి పుట్టినరోజు. ఇది రెండోది" అంటూ 210325 దాకా వచ్చాడు. వరసలో ఒక్క నంబరు పెరిగితే మన లెక్కలో ఒక ఏడాది పెరుగుతుంది. ఇన్నేళ్లుగా నోట్లు చూస్తున్నా నాకు ఈ సంగతి తట్టనే లేదు.

ఎవరో గిరాకీ ఇచ్చిన నోట్లలో టైలర్ మామ కంటపడ్డాయట. అరవై రూపాయలు తీసుకొని తెచ్చిచ్చాడు.

ఆరు పుట్టినరోజులనూ పాప ఒళ్లో పెట్టాడు నాయన. అది ఒక్కొక్కటే లెక్కపెట్టి, "తాతా, ఏడోది ఏదీ?" అంది. సాయంత్రం ముగ్గురం టైలర్ మామ అంగడికి పోతున్నాం.