ప్లానెట్ జూ సీక్వెల్: జంతువుల లిస్టు సరే, ముందు తలుపుల సంగతి చూడండి

నమస్తే అండీ. మనమే జూ కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ ప్లానెట్ జూ, ఫ్రాంటియర్ అనే కంపెనీ చేసింది. దాని సీక్వెల్, అంటే రెండో భాగం, మాట ఎత్తితే చాలు, ప్రతి ఒక్కరూ ఒక జంతువుల లిస్టు బయటికి తీస్తారు. నా దగ్గరా ఒకటి ఉంది, చివర్లో చెప్తాను. ముందు ఒక మాట. ఈ గేమ్‌కి జంతువుల కరువు లేదు. 2019 నవంబర్ 5న పీసీలో విడుదలైన రోజే 70కి పైగా జాతులు ఉన్నాయి. ఆ డిసెంబర్‌లోనే ఆర్కిటిక్ ప్యాక్, అంటే విడిగా కొనుక్కునే అదనపు జంతువుల కట్ట, వచ్చింది, అప్పట్నుంచి ఏటా ప్యాకులు పడుతూనే ఉన్నాయి. కరువంతా ఆ జంతువులు ఎగరడానికి, లోతుగా ఈదడానికి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారడానికి కావాల్సిన ఏర్పాట్లకే. ఇవాళ్టి వీడియో దాని గురించే.

మొదట ప్యాకుల తీరు చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే మొదలైంది. చాలాకాలం రెండు రకాలే వచ్చాయి. ఒకటి సీనరీ ప్యాక్: హ్యాబిటాట్‌లో తిరిగే జంతువులు 4, గాజు పెట్టెలో ఉండే ఎగ్జిబిట్ జంతువు 1, వాటితో పాటు బోలెడన్ని కట్టుబడి సామాన్లు. రెండోది యానిమల్ ప్యాక్: 7 హ్యాబిటాట్ జంతువులు, 1 ఎగ్జిబిట్ జంతువు, సీనరీ మాత్రం నామమాత్రం. రెండింటి ధరా 9.99 డాలర్లే. ఈ కొలతలో ఏం పడుతుంది? ఉన్న నడకకి, ఉన్న ఈతకి సరిపోయే జంతువు పడుతుంది. కొత్త వ్యవస్థ మొత్తం రాయాల్సిన గద్దలాంటిది పది డాలర్ల ప్యాకులో ఎప్పటికీ పట్టదు.

ఒక్కసారి మాత్రం ఈ గీత దాటారు. 2022 అక్టోబర్‌లో ట్వైలైట్ ప్యాక్‌తో వాక్‌త్రూ ఎగ్జిబిట్ తెచ్చారు. సందర్శకులు లోపలికి నడుస్తుంటే తల మీద ఈజిప్షియన్ ఫ్రూట్ బ్యాట్లు తిరుగుతాయి. తర్వాత అదే పద్ధతిలో గ్రాస్‌ల్యాండ్స్ ప్యాక్‌లో సీతాకోకచిలుకలు, ట్రాపికల్ ప్యాక్‌లో స్లాత్ వచ్చాయి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అది మూత బిగించిన డబ్బా. దాని కొలత మీరు మార్చలేరు, పక్క హ్యాబిటాట్‌తో కలపలేరు, లోపల ఇంకో జాతిని వదల్లేరు.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ నెమలిని చూడండి. ప్యాకులేవీ కలపని బేస్ గేమ్‌లోదే, ఇండియన్ పీఫౌల్. పురి విప్పడం, తోక ఈడ్చుకుంటూ నడవడం, గింజలు ఏరుకోవడం, అన్నీ చక్కగా చేశారు. పక్కనే ఒక పెద్ద చెట్టు పెట్టాను. అసలు నెమలైతే చీకటి పడగానే దాని మీదికి ఎగిరి కొమ్మ పట్టుకుని పడుకుంటుంది. ఈ నెమలికి ఆ చెట్టుతో పనే లేదు. నిప్పుకోడి, ఫ్లెమింగో, కాసోవరీ, ఈము, కొంగ, హంస, గేమ్‌లో హ్యాబిటాట్ పక్షులన్నిటిదీ ఇదే కథ, నేల దాటవు. కాసోవరీకీ ఈముకీ అసలు ఎగరడమే రాదు కాబట్టి చెల్లింది. కొంగకి ఎలా చెల్లుతుంది?

ఫ్రాంటియర్‌కి ఎగిరే జీవుల్ని చేయడం చేతకాదా అంటే, చేసి చూపించారు కూడా. 2021 నవంబర్‌లో వచ్చిన జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ 2లో ఏవియరీ, అంటే ఎగిరే జీవుల కోసం కప్పేసిన ఆవరణ, ఉంది. అందులో టెరోసార్లు అనే పాతకాలపు సరీసృపాలు ఎగురుతాయి. కాకపోతే ఆ ఏవియరీ రెడీమేడ్ గుమ్మటం. ప్లానెట్ జూలో గోడా, కప్పూ, తలుపూ అన్నీ ఆటగాడే ఒక్కో ముక్కగా పేరుస్తాడు, అక్కడ వస్తుంది తంటా. ఇప్పుడు మనం వేసే జాలీ కప్పు ఉత్త అలంకారం. జంతువు పారిపోగలదా లేదా అని గేమ్ చూసుకునేది చుట్టూ ఉన్న కంచెని, అంటే బ్యారియర్‌ని: ఎత్తెంత, ఎక్కడానికి వీలుందా, బలమెంత, ఇంతే.

కాబట్టి సీక్వెల్‌లో జాలీ కప్పు కూడా బ్యారియర్‌లో భాగం కావాలి. చోటుని చదరపు మీటర్లలో కాక ఘనపు మీటర్లలో లెక్కకట్టాలి. కొమ్మ, తాడు, రాతి అంచు లాంటి వాలే చోట్లని గేమ్ గుర్తుపట్టాలి. ప్రవేశం దగ్గర అసలు ఏవియరీల్లో లాగా రెండు తలుపుల గది ఉండాలి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. జాలీలో ఎక్కడైనా కంత ఉంటే, ఇప్పుడు హ్యాబిటాట్‌కి వాడే హీట్‌మ్యాప్ (రంగులతో తేడా చూపే పటం) లాంటిదే ఎర్రగా చూపించాలి. లేకపోతే చిలక ఎటు పోయిందో వెతుక్కోవడమే ఆట అయిపోతుంది.

సరే, ఇప్పుడు తలుపులు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

మన హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్క్ కానీ, విశాఖ ఇందిరా గాంధీ జూ కానీ, పులి ఎన్‌క్లోజర్ అంటే మనకి కనబడే పచ్చటి మైదానం ఒక్కటే కాదు. వెనకాల వరసగా గదులుంటాయి. సాయంత్రం కీపర్ లివర్ లాగితే తలుపు జారుతుంది, పులి లోపలికి వస్తుంది, తిండి అక్కడే పెడతారు. మగపులిని ఒక గదిలో, పిల్లలతో ఉన్న ఆడదాన్ని ఇంకో గదిలో ఉంచుతారు. బయటికి ఇవాళ ఒకదాన్ని వదిలితే, రేపు ఇంకోదాన్ని. కీపర్ ఎప్పుడూ పులి ఉన్న చోటికి నేరుగా అడుగుపెట్టడు.

ప్లానెట్ జూలో ఒక హ్యాబిటాట్, దానికో గేటు, అంతే. కీపర్ ఆ గేటు తీసుకుని పులి పక్కనుంచే నడిచి వెళ్లి మాంసం పెట్టి వస్తాడు. అసలు జూలో ఇలా జరగదన్న గొడవ అటుంచండి, ఆటనే ఎలా పాడు చేస్తుందో చూడండి. బెంగాల్ టైగర్ జంట పెట్టారు. పిల్లలు పుట్టాయి, పెరిగి పెద్దవయ్యాయి. వెంటనే వరసబెట్టి నోటిఫికేషన్లు: చోటు చాలట్లేదు, గుంపు ఎక్కువైంది, మగవి రెండూ కొట్టుకున్నాయి. అవి చూసుకోకుండా ఇంకో మూల గోడ కడుతూ కూర్చుంటే అన్నాచెల్లెళ్లు జతకట్టేస్తాయి. ఆ పిల్లల్లో ఆయుష్షు, సంతానశక్తి, రోగనిరోధక శక్తి పడిపోతాయి. అప్పటికప్పుడు తోచే మార్గం జంతువుని పెట్టెలో పెట్టించి, అమ్మేదాకో మార్చేదాకో ఉంచే ట్రేడ్ సెంటర్‌కి పంపడం. అక్కడి చోటూ పరిమితమే, అది నిండితే మళ్లీ మొదటికి.

ప్రస్తుతానికి మందు ఇది. పిల్లలు పుట్టగానే తల్లికి గర్భనిరోధకం ఆన్ చేయండి. పిల్లలు ఎదిగేలోపు పక్కనే ఇంకో చిన్న హ్యాబిటాట్ కట్టి ఉంచండి, గట్టి షెల్టర్ తప్పనిసరి. ఆ రెండిటినీ ఒకే వర్క్ జోన్‌లో (ఏ కీపర్ ఎక్కడ పనిచేయాలో చెప్పే హద్దు) వేసి ఇద్దరు కీపర్లని కేటాయించండి. వర్క్ జోన్ వేయకపోతే కీపర్ జూ అవతలి చివర్నుంచి నడిచి వస్తాడు, ఈలోపు తిండి అయిపోతుంది. ఇంకోటి, సెట్టింగ్స్‌లో జంతువుల వయసు పెరిగే వేగం తగ్గించుకునే వీలుంది, వాడుకోండి. సగం హడావిడి అక్కడే తగ్గుతుంది.

ఇదే గేమ్‌లో రెండు హ్యాబిటాట్ల మధ్య జారుడు తలుపూ, దానికో టైమ్‌టేబులూ ఇస్తే ఈ గొడవలో ముప్పావు వంతు మాయం. పైగా ఒకే మైదానాన్ని పొద్దున రేచుకుక్కలకి, మధ్యాహ్నం ఎలుగుబంటికి ఇవ్వొచ్చు. అది కేవలం సీనరీ కాదు, మేనేజ్‌మెంట్ అంటే అదే.

నీళ్ల విషయం. ఆక్వాటిక్ ప్యాక్‌తో 2020 డిసెంబర్‌లో లోతు ఈత వచ్చింది, గ్రే సీల్, కింగ్ పెంగ్విన్, జెయింట్ ఆటర్‌లని గాజు వెనక నుంచి చూడొచ్చు. ఇది కట్టడంలో చాలామంది ఇరుక్కుంటారు కాబట్టి వరస చెప్తాను. సందర్శకుల వైపూ జంతువుల వైపూ నేలని ఒకే లోతుకి దించండి. ఆ పల్లంలో మధ్యన గాజు బ్యారియర్ వేసి ఎత్తు పెంచండి. నీళ్లు పోసే వైపు మిగతా గట్లన్నీ అనుకున్న నీటి మట్టానికి పైనే ఉన్నాయా చూసుకుని, అప్పుడు నీళ్లు పోయండి. నీళ్లు నిలవట్లేదంటే సాధారణంగా ఎక్కడో ఒక మూల గట్టు దిగి ఉంటుంది. వాటర్ ట్రీట్‌మెంట్ యూనిట్ పరిధిలోకి ఆ మడుగు రావాలి, యూనిట్‌కి కరెంటు ఉండాలి. లేదంటే నీళ్లు మురికి పట్టి జంతువులు జబ్బు పడతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆక్వేరియం మాత్రం లేదు. షార్క్, రే, పగడపు దిబ్బ చేపలు, తల మీదుగా వెళ్లే గాజు సొరంగం, ఇవన్నీ సీక్వెల్‌కే చెల్లుతాయి. 2006లో జూ టైకూన్ 2 అనే పాత జూ గేమ్‌కి మెరీన్ మేనియా అనే సముద్ర జంతువుల ప్యాక్ వచ్చింది, అందుకే పాతకాపులు డాల్ఫిన్ షోలు కూడా అడుగుతారు. నేను దానికి ఒప్పుకోను. మన దేశంలో డాల్ఫినేరియంలకి అనుమతి ఇవ్వొద్దని 2013లోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. సంరక్షణ గురించి అన్ని బోర్డులు పెట్టించే గేమ్‌లో ఆ కొలను ఎందుకు?

చీకటి గది కూడా కావాలి. హైదరాబాద్ జూలో నాక్టర్నల్ హౌస్ ఉంది కదా, పగలు లోపల చీకటి చేసి, రాత్రి లైట్లు వేసి, నిశాచరాల గడియారాన్ని తిప్పేస్తారు. ప్లానెట్ జూలో పగలు-రాత్రి కంటికి మాత్రమే. జంతువు నడవడిక దాన్ని బట్టి మారదు.

ఇక నా లిస్టు. ఇవి ఏ ప్యాకులోనో కాకుండా సీక్వెల్ బేస్ గేమ్‌లోనే, మొదటి రోజే ఉండాలి. కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉంటుంది, ఆడది లేత గోధుమ రంగు. మగవి చిన్న చిన్న జాగాలు పట్టుకుని కాపలా కాస్తాయి కాబట్టి, గుంపు ఎంతుండాలో లెక్కపెట్టడమే ఒక ఆట. చుక్కల జింక, దానితో పాటు కొండముచ్చు. అడవిలో కొండముచ్చు చెట్టు మీంచి ఆకులు రాలుస్తుంటే కింద జింకలు తింటాయి, పులి కనబడితే ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటాయి. జాతుల మధ్య స్నేహానికి ఇప్పటికే గేమ్‌లో బోనస్ ఉంది, ఈ జంటకి అది అతికినట్టు సరిపోతుంది.

మూషిక జింక మీద నాకు ప్రత్యేకమైన పక్షపాతం. మూడు కిలోలుంటుందేమో, జింకల్లా కొమ్ములుండవు, పగలంతా పొదలోనే. హైదరాబాద్ జూలో వీటిని పెంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలారు. గేమ్‌లో జంతువుల్ని అడవికి వదిలి కన్జర్వేషన్ క్రెడిట్లు తీసుకుంటామే, దానికి ఇంతకంటే నిజమైన ఉదాహరణ ఉండదు. దేవాంగ పిల్లి, అంటే స్లెండర్ లోరిస్, చీకటి గదికి. ఏవియరీకి రామచిలుక, పాలపిట్ట, ఒకటి ఆంధ్ర రాష్ట్ర పక్షి, ఇంకోటి తెలంగాణది. రెండూ ఎగిరేవే, అందుకే ముందు కప్పు సంగతి తేల్చమంటున్నాను.

ఫ్రాంటియర్ తన ప్రణాళికలో 2025, 2026, 2027 ఆర్థిక సంవత్సరాలకి ఒక్కో మేనేజ్‌మెంట్ గేమ్ అని ప్రకటించింది. మొదటి చోటు 2024 నవంబర్‌లో వచ్చిన థీమ్ పార్క్ గేమ్ ప్లానెట్ కోస్టర్ 2ది, రెండోది 2025 అక్టోబర్‌లో వచ్చిన జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ 3ది. జూ అభిమానుల కళ్లన్నీ మూడో దాని మీదే. కోస్టర్ 2లోంచి తెచ్చుకోవాల్సినవి రెండు: సీనరీ ముక్కల సైజు పెంచి తగ్గించే వీలు, వెడల్పాటి ప్లాజాలు గీసుకునే దారి టూల్. వదిలేయాల్సింది దాని మెనూలు. కంట్రోలర్‌కి కుదిరేలా పెట్టిన ఆ పెద్ద పెద్ద గడులు మౌస్ చేతిలో ఉన్నవాడికి ప్రాణసంకటం, విడుదలప్పుడు తిట్లు పడ్డవాటిలో అవీ ఉన్నాయి. జురాసిక్ 3 నుంచి పిల్లలతో తిరిగే కుటుంబాలు తెచ్చుకుంటే చాలు.

స్పీడు గురించి కూడా చెప్పాలి. జూ పెద్దదయ్యాక గేమ్ నత్తనడక నడవడానికి కారణం చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డ్ కాదు, ప్రాసెసర్. ప్రతి సందర్శకుడికీ, ప్రతి జంతువుకీ దారి వెతకాలి కదా. షాడోలు తగ్గించేముందు సందర్శకుల పరిమితి తగ్గించి చూడండి, తేడా తెలుస్తుంది. సీక్వెల్‌లో పక్షులూ చేపలూ కలిస్తే ఈ భారం ఇంకా పెరుగుతుంది.

అప్పటిదాకా ఆడేవాళ్లు ఏ ప్యాకులు కొనాలంటే, సేల్ కోసం ఆగి, సౌత్ఈస్ట్ ఏషియా ముందు తీసుకోండి. అందులో రేచుకుక్క ఉంది, విశాఖ జూలో సంరక్షణ కోసం పెంచుతున్నది దాన్నే. క్లౌడెడ్ లెపర్డ్, సన్ బేర్, మలయన్ టాపిర్ కూడా దాన్లోవే. క్లౌడెడ్ లెపర్డ్‌కి జనాన్ని చూస్తే స్ట్రెస్ పెరుగుతుంటే జంతువుకి జనం కనబడని వన్‌వే గ్లాస్ వేయండి, దిగుతుంది. రెండోది యూరేషియా, మన దేశపు ఎలుగుబంటి (స్లాత్ బేర్) కోసం. మూడోది ఆక్వాటిక్. కోళ్లు, మేకలు, పందులతో ఉన్న బార్న్‌యార్డ్ మాత్రం ఇంట్లో చిన్నపిల్లలు ఆడితేనే.