మిషన్ లేకుండా మామిడి ఐస్‌క్రీమ్, ఫ్రీజర్ ఉంటే చాలు

(గట్టు మీద చిన్న రసాలు, క్రీమ్ డబ్బా, స్టీల్ గిన్నె)

హాయ్ అండీ, బెజవాడ ఎండల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, రోహిణి కార్తె ఇంకా రానేలేదు, మా పిల్లలు అప్పుడే ఫ్రిజ్ డోర్ తీసుకుని అక్కడే నిలబడుతున్నారు. అందుకే ఇవాళ ఐస్‌క్రీమ్.

అసలు మిషన్ చేసేది రెండు పనులండీ. గడ్డకట్టేటప్పుడు ఆపకుండా తిప్పి ఐస్ పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది, తిప్పుతూనే లోపలికి గాలి ఎక్కిస్తుంది. మనం అలా తిప్పలేం కదా, కాబట్టి గాలి ముందే ఎక్కించాలి, నీళ్ళు ముందే తగ్గించాలి. మొత్తం గొడవంతా ఈ నీళ్ళతోనే.

(రసం పిండుతూ) ఇవి నూజివీడు చిన్న రసాలు, నున్న మార్కెట్లో తెచ్చాం, వాసనకి వీటి తర్వాతే ఏదైనా, కాకపోతే పీచు, నీరు రెండూ ఎక్కువే. వడకట్టేసి ఒక కప్పున్నర రసం అడుగు మందం గిన్నెలో సన్న సెగ మీద పెట్టి గరిటె తిప్పుతూనే ఉండండి. కాసేపటికి తుపుక్కు తుపుక్కుమని చిమ్ముతుంది, చెయ్యి జాగ్రత్త. రంగు ముదురుతుంది, గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే మూసుకుపోకుండా ఒక్క క్షణం నిలబడాలి, అప్పుడు దించేయండి. సగానికి సగం అవుద్ది. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. బంగినపల్లి అయితే ఇంత శ్రమ ఉండదు, పీచుండదు, గుజ్జు చిక్కన. అయినా నా ఓటు రసాలకే.

ఇప్పుడు విప్పింగ్ క్రీమ్, 250 ఎమ్మెల్. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్‌తో అవ్వదా అంటే అవ్వదండీ, దాంట్లో కొవ్వు 25 శాతం దగ్గరే ఉంటుంది, గాలి నిలబడాలంటే 30 పైన కావాలి. మన వంటిళ్ళ వేడికి క్రీమ్ ఇట్టే జావైపోతుంది, అందుకే గిన్నె, బీటర్ పుల్లలు ఫ్రీజర్లో పెట్టి తీసి, కింద ఐసు నీళ్ళ పళ్ళెం పెట్టుకుని కొట్టండి. పైకెత్తితే కొన నిలబడి కొంచెం వంగాలి, అక్కడ ఆపేయాలి, ఇంకా కొట్టారా, మజ్జిగ చిలికినట్టే వెన్న వేరు నీళ్ళు వేరు.

దీంట్లో కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, మామిడి గుజ్జు వేసి గరిటెతో కింద నుంచి పైకి మెల్లగా కలపండి, గాలి పోకూడదు. తీపి ఎక్కువని కండెన్స్‌డ్ మిల్క్ తగ్గించకండి, ఆ చక్కెర వల్లే అది రాయిలా గడ్డకట్టకుండా స్పూన్ దిగుతుంది.

స్టీల్ డబ్బాలో పోసి, క్లింగ్ ర్యాప్ ఐస్‌క్రీమ్‌కి అంటుకునేలా కప్పి, ఫ్రీజర్లో బాగా వెనక్కి పెట్టండి, ఎనిమిది గంటలు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీసి చూడకండి బాబూ, కరిగి మళ్ళీ గడ్డకడితే పలుకులు పెద్దవైపోతాయి.

క్రీమ్ దొరక్కపోతే కుల్ఫీ చేసుకోండి, లీటరు చిక్కటి పాలు మూడో వంతుకి మరగబెట్టడమే, దానికి గాలితో పనే లేదు. ఫ్రీజర్ కూడా లేదా, ఐసు ముక్కల్లో కల్లుప్పు కలిపితే చల్లదనం మైనస్ 21 దాకా దిగగలదు, ఇంట్లో ఫ్రీజరేమో మైనస్ 18. ఆ పాలు కవర్లో పోసి గట్టిగా మూసి ఆ ఐసులో పెట్టి ఊపాలి, చేతికి టవల్ చుట్టుకోండి, చురుక్కుమంటుంది.

(డబ్బా తీస్తూ) తినే ముందు పది నిమిషాలు బయట పెట్టమంటారు కదా, అది ఊటీలో ఉండేవాళ్ళకి, మనకి మే నెలలో రెండు నిమిషాలు దాటితే మిల్క్‌షేకే.