కొరియా ప్రేక్షకులు కత్తిని ఎందుకు నిలదీస్తారు?

[తెర చీకటిగా ఉంటుంది. ఒరలోంచి కత్తి జారే చప్పుడు మాత్రమే.]

నమస్కారం. ఈ చప్పుడు మనకు కొత్తది కాదు. మన జానపద చిత్రాల్లో కాంతారావు ఒర మీద చేయి వేస్తే చాలు, హాలులో ఈలలు మోగేవి. కత్తి బయటికి వచ్చిందంటే ఇక గెలుపే. కొరియా చారిత్రక చిత్రాలు చూడటం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ ఆ సంబరం కోసమే ఎదురుచూశాను. అది రాలేదు. కత్తి దూసిన మనిషి అప్పటికే ఏదో ఒకటి పోగొట్టుకుని ఉంటాడు. రాజు గాలికి వదిలేసిన సైనికుడు, యజమాని మాట తప్పడం వల్ల మోసపోయిన బానిస, చూపు కోల్పోయిన యోధుడు. పోరు ముగిశాక కూడా వాళ్ల ముఖాల్లో వెలుగు కనిపించదు.

ఈ దిగులు ఎక్కడి నుంచి వచ్చింది? కొరియా ప్రేక్షకులు ఏ కత్తిని గుండెలకు హత్తుకున్నారు, ఏ కత్తిని తిప్పికొట్టారు? ఈ వీడియోలో అదే మాట్లాడుకుందాం.

[తెరపై: నడుముకు కత్తి, భుజాన అమ్ములపొది ఉన్న జొసన్ సైనికుడి రేఖాచిత్రం.]

కొరియాలో జొసన్ రాజ్యం 1392 నుంచి 1897 వరకు సాగింది. ఆ రాజ్యంలో పెద్దపీట విల్లుకు దక్కింది. సైనికాధికారి కావాలంటే ముగ్వా అనే పరీక్ష నెగ్గాలి. నేల మీద నిలబడి బాణం వేయాలి, పరుగెత్తే గుర్రం మీద నుంచి వేయాలి, గుర్రం మీదే ఈటె తిప్పాలి. కత్తిసాము ఆ పరీక్షలో లేదు.

ఇప్పుడు బొమ్మలో నడుము దగ్గర చూడండి. ఆ కత్తిని హ్వాందొ అంటారు. ఒకవైపే పదును, కొద్దిగా వంపు. పిడి ముందుకు కాకుండా వెనక్కి ఉంది, గమనించారా? ఒరకు అమర్చిన చిన్న లోహపు కొక్కెం వల్ల అది అలా తిరుగుతుంది. దాని పేరు తిదోన్. ముందువైపు చేతులకు అడ్డు ఉండకూడదు, ఎందుకంటే ఆ చేతులు విల్లు పట్టాలి. విల్లుతో పని కానప్పుడే కత్తి.

ఈ కొక్కెం చిన్నదే అయినా కొరియాలో దీన్ని బట్టి సినిమాను కొలిచే ప్రేక్షకులు ఉన్నారు. చాలా ఏళ్లపాటు చిత్రాల్లో, టీవీ ధారావాహికల్లో సైనికులు ఒరను చేత్తో పట్టుకునే తిరిగేవారు. చరిత్ర చదివిన ప్రేక్షకులు ఆ తప్పును పదే పదే ఎత్తిచూపారు. జుట్టు ముడి విప్పుకుని, శిరస్త్రాణం లేకుండా యుద్ధంలోకి దూకే కథానాయకుల మీదా ఇదే ఫిర్యాదు. ఇది తప్పులు వెతికే సరదా అని నేను అనుకోను. తాతముత్తాతల ఫోటోలో ముఖం మారిపోతే మనకు ఎలా ఉంటుందో, వాళ్లకూ అలాగే ఉంటుంది.

[తెరపై: కొరియా, జపాన్ పటం. పూసాన్ నుంచి సోల్ వైపు కదిలే గీత.]

1592లో జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషి సేనలు పూసాన్ తీరంలో దిగాయి. మూడు వారాలు తిరగకముందే రాజధాని వాళ్ల చేతుల్లో పడింది. సొంజో రాజు ఉత్తరానికి పారిపోయాడు. దూరం నుంచి తుపాకులు, దగ్గరికి వస్తే కత్తులు. ఆ కత్తుల ముందు విలుకాళ్లు నిలవలేకపోయారు. అప్పుడు గాని జొసన్‌కు కత్తిసాము అవసరం తెలిసిరాలేదు. మింగ్ చైనా సేనాని చీ జిగువాంగ్ రాసిన యుద్ధ గ్రంథాన్ని ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. 1598లో తమ సొంత పుస్తకం రాసుకున్నారు. ఆ పని పెరిగి పెరిగి 1790లో చొంగ్జో రాజు ఆజ్ఞతో ‘ముయెదోబోతోంగ్జి’ అనే సచిత్ర గ్రంథమైంది. అందులో 24 యుద్ధ విద్యలు ఉన్నాయి, వాటిలో జపనీయుల కత్తిసాము కూడా ఒకటి. తమను నరికిన కత్తి తిరిగే తీరును అడుగు అడుగునా బొమ్మ గీసి దాచుకున్నారు.

కొరియా తెర మీద కత్తి వెనుక ఉన్న దిగులుకు మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ దేశంలో కత్తివిద్య ఓటమి చేతి మీదుగా పెరిగింది.

[తెరపై: ఇరుకైన జలసంధి, సుడులు తిరిగే నీళ్లు.]

ఇక ప్రేక్షకుల సంగతి. కొరియాలో సినిమా విజయాన్ని ముందుగా చెప్పేది వచ్చిన మనుషుల లెక్కతో. అమ్ముడైన ప్రతి టికెట్టూ ప్రభుత్వ చలనచిత్ర మండలి కంప్యూటర్లో నమోదవుతుంది. ‘చొన్‌మాన్’ దాటితే గొప్ప. చొన్‌మాన్ అంటే సరిగ్గా మన కోటి. 2014లో వచ్చిన ‘ది అడ్మిరల్: రోరింగ్ కరెంట్స్’ చిత్రాన్ని థియేటర్లలో 1.76 కోట్ల మంది చూశారు. ఐదు కోట్ల జనాభా ఉన్న దేశంలో అది! కథ 1597 నాటి మ్యోంగ్‌న్యాంగ్ సముద్ర యుద్ధం. నౌకాదళాన్ని రద్దు చేద్దామన్న రాజుకు సేనాని యి సున్‌సిన్ రాసిన మాట కొరియాలో పిల్లలకు కూడా నోటికి వచ్చు: ‘నా దగ్గర ఇంకా 12 నౌకలు ఉన్నాయి.’

ఇంత ఆదరించిన ప్రేక్షకులే ఆ సినిమాను గట్టిగా నిలదీశారు కూడా. సినిమా శత్రు నౌకలు 330 అంటుంది, సేనాని రోజువారీగా రాసుకున్న దినచర్య పుస్తకంలో 133 అని ఉంది. సినిమాలో శత్రువులు సేనాని సొంత నౌక మీదికి ఎక్కుతారు, డెక్కు మీద పెద్ద కత్తియుద్ధం జరుగుతుంది. దినచర్య ప్రకారం వాళ్లు చీమల్లా ఎగబాకింది అన్ వి అనే మరో అధికారి నౌక మీదికి. అసలు జొసన్ నౌకాదళం బలమంతా ఫిరంగుల్లో ఉంది. ఎత్తైన అంచులున్న పడవల నుంచి దూరంగా ఉండి కొట్టడం, శత్రువు కత్తికి అందకుండా ఉండటం వాళ్ల వ్యూహం. అంటే అందరూ ఊపిరి బిగబట్టి చూసిన ఆ కత్తియుద్ధం ఎక్కువ భాగం సినిమా కోసం పుట్టినదే.

అక్కడితో ఆగలేదు. పే సొల్ అనే అధికారి యుద్ధానికి ముందే దళాన్ని వదిలి పారిపోయాడు. 1599లో పట్టుబడి మరణశిక్ష పొందాడు. ఇది చరిత్ర. సినిమాలో ఆయన ‘తాబేలు నౌక’ అనే పైకప్పున్న యుద్ధనౌకకు నిప్పు పెడతాడు, సేనాని ప్రాణం తీయడానికి కుట్ర పన్నుతాడు. ఆయన వంశీకులు తమ పూర్వీకుడి పరువు తీశారంటూ పోలీసులకు ఫిర్యాదు చేశారు. నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి కోసం! వాళ్ల బాధ నాకు న్యాయంగానే తోస్తుంది. పారిపోయిన మనిషిని పారిపోయిన మనిషిగా చూపితే కథకు లోటు ఉండేది కాదు. చేయని హత్యాయత్నాన్ని నిజంగా బతికిన మనిషి పేరున రాయడం మాత్రం తప్పు.

ఈ చర్చల్లో రెండు మాటలు తరచు వినిపిస్తాయి. ఒకటి ‘గుక్‌పోంగ్’. దేశం అనే మాటకు ఒక మత్తుమందు పేరు తగిలించి చేసిన పదం. దేశభక్తిని మత్తులా ఎక్కిస్తున్నారని ఆరోపణ. రెండోది ‘సిన్‌ఫా’. బలవంతంగా కన్నీళ్లు పిండే పద్ధతిని అలా అంటారు. చారిత్రక చిత్రం విడుదలైందంటే ఈ రెండు తూకపు రాళ్లూ బయటికి వస్తాయి.

[తెరపై: గాజు పెట్టెలో రెండు పొడవైన కత్తుల చిత్రం.]

ఆసాన్‌లో యి సున్‌సిన్ స్మారక మందిరం ఉంది. 1594లో చేయించిన ఆయన కత్తుల జంట అక్కడిదే. ఒక్కోటి దాదాపు రెండు మీటర్లు, మనిషి ఎత్తును మించిన పొడవు. యుద్ధంలో తిప్పడానికి అవి పనికిరావు. ఒక కత్తి అలుగు మీద చెక్కిన మాటల భావం ఇది: మూడడుగుల కత్తితో ఆకాశానికి ప్రమాణం చేస్తే కొండలూ నదులూ రంగు మారతాయి. కత్తిని ప్రతిజ్ఞగా చూడటం అంటే ఇదేనేమో.

మరి ప్రతిజ్ఞ లేని కత్తిని ఏం చేశారు? 2015లో ‘మెమరీస్ ఆఫ్ ద స్వోర్డ్’ వచ్చింది. లీ బ్యుంగ్‌హన్, చొన్ దోయొన్ వంటి గొప్ప నటులు, జొసన్‌కు ముందటి గొర్యొ రాజ్యం కాలపు కథ, గాలిలో తేలే యోధులు, కన్నులపండువైన రంగులు. ఐదు లక్షల మంది కూడా రాలేదు. అదే వేసవిలో వేరే రెండు కొరియా చిత్రాలు కోటి దాటాయి. గాలిలో ఎగిరే కత్తికి చైనాలో పాత సంప్రదాయం ఉంది. కొరియా ప్రేక్షకుడు మాత్రం కాలు నేల మీద ఉందా అని చూశాడు.

అయినా నా మనసు ఓడిపోయిన మరో సినిమా దగ్గరే ఆగింది. 2003లో ‘దామో’ అనే టీవీ ధారావాహిక కొరియాను ఊపేసింది. కథానాయిక గాయానికి మందు వేస్తూ నాయకుడు ‘నొప్పిగా ఉందా? నాకూ నొప్పిగా ఉంది’ అంటాడు. ఆ ఒక్క మాట దేశమంతా పాకింది. అభిమానులు తమను ‘దామో ఫ్యేయిన్’ అని పిలుచుకున్నారు, అంటే దామో కోసం లోకం మరిచి చెడిపోయినవాళ్లమని. 2005లో ఆ ధారావాహికకు మూలమైన బొమ్మల కథ ఆధారంగానే, అందులో కథానాయికగా చేసిన నటి హా జివొన్‌తోనే, దర్శకుడు లీ మ్యుంగ్‌సె ‘డ్యుయలిస్ట్’ తీశాడు. కన్నీళ్ల కోసం వెళ్లినవాళ్లకు అక్కడ నాట్యం కనిపించింది. కథ ఏదని అడిగారు, నిరాశపడ్డారు. కొందరు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు, తమకు ఆ సినిమా వ్యసనమైందని చెప్పుకున్నారు. దేశం, యుద్ధం, ప్రతిజ్ఞ ఏవీ లేని ఆ కత్తిని వాళ్లు ప్రేమించారు.

కొత్తగా మొదలుపెట్టేవారు 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘అప్‌రైజింగ్’ చూడవచ్చు. 1592 యుద్ధం, ఒక బానిస, అతని యజమాని కొడుకు. మనం మాట్లాడుకున్న దిగులంతా అందులో ఉంది.

ఆ తర్వాత ‘డ్యుయలిస్ట్’లో రాత్రి సందులో జరిగే పోరు చూడండి. ఆమె నేరస్థులను పట్టే మనిషి, అతను ఆమె పట్టవలసిన మనిషి. గోడల మధ్య సగం వెన్నెల, సగం నీడ. ఇద్దరూ చీకట్లోకి వెళ్లినప్పుడు మనకు కత్తుల చప్పుడే మిగులుతుంది. వెలుగులోకి వచ్చేసరికి ఇద్దరి మధ్య దూరం తగ్గి ఉంటుంది.

[తెర చీకటిగా మారుతుంది. రెండు కత్తులు తాకిన చప్పుడు.]