పన్ను వచ్చింది, వేరు ఇంకా రావాలి

సభలో ఉన్న దంతవైద్య విద్యార్థులకు, టీచర్లకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడేళ్ల పిల్లాడు నవ్వితే పై వరసలో రెండు పెద్ద ముందుపళ్లు కనిపిస్తాయి. పాలపళ్లు పోయాయి, అసలు పళ్లు వచ్చేశాయి, ఇక వాటి పని అయిపోయిందనుకుంటాం. ఎక్స్‌రే తీస్తే అది ఆ మాట ఒప్పుకోదు. నోట్లో కనిపించే భాగం, అంటే కిరీటం, పూర్తయి ఉంటుంది. వేరు మాత్రం మూడింట రెండు వంతులో, మహా అయితే ముప్పావు వంతో వచ్చి ఉంటుంది. వేరు గోడలు కొసవైపు వెళ్లేకొద్దీ పలచబడి, చివర ఒకదానికొకటి దూరంగా ఆగిపోయి ఉంటాయి. ఆ కొస మూసుకునేది పదో ఏట. ఆరేళ్లకు వచ్చే మొదటి పెద్ద దవడ పన్నుకు వేర్లు పూర్తయ్యేది తొమ్మిది, పదేళ్లకు. శాశ్వత దంతం బయటపడ్డాక వేరు పూర్తి కావడానికి దాదాపు మూడేళ్లు పడుతుందని గుర్తుపెట్టుకోండి. పాలపళ్లకైతే ఏడాది, ఏడాదిన్నర చాలు.

ఆ మూడేళ్లలో పంటికి దెబ్బ తగిలినా, పుచ్చినా, మనం చేసే వైద్యం ముందుగా చూడాల్సింది ఒకటే: తయారీలో ఉన్న వేరును ఇది బతకనిస్తుందా, ఆపేస్తుందా? వేరు ఎలా తయారవుతుందో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం.

వేరు మొదలయ్యేది కిరీటం ఆకారం కుదిరి, ఎనామెల్ పొర పడ్డాకే. ఎనామెల్‌ను తయారుచేసే కణజాలానికి పంటి మెడ దగ్గర ఒక మడత ఉంటుంది. లోపలి పొర, బయటి పొర అక్కడ కలుస్తాయి. కిరీటం పని ముగియగానే ఈ రెండూ జంటగా ముందుకు పెరగడం మొదలుపెడతాయి. దీన్ని హెర్ట్‌విగ్ తొడుగు అంటాం. ఆస్కార్ హెర్ట్‌విగ్ 1874లో దీన్ని ఉభయచరాల పళ్లలో వర్ణించాడు, క్షీరదాల్లోనూ ఉందని 1887లో ఫాన్ బ్రున్ చూపించాడు. కిరీటం దగ్గర ఆ రెండు పొరల నడుమ స్టెల్లేట్ రెటిక్యులమ్, స్ట్రాటమ్ ఇంటర్మీడియమ్ అనే మరో రెండు ఉంటాయి. తొడుగులో అవి లేవు. అందుకే మామూలుగా వేరు మీద ఎనామెల్ పడదు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు పిల్లల ఎనామెల్‌ను చెడగొట్టేది కూడా కిరీటం తయారయ్యే ఏళ్లలోనే. వేరు సగం వచ్చేసిన పంటికి ఆ నీళ్లతో కొత్తగా ఫ్లోరోసిస్ రాదు.

ఎలుక ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయని అందరికీ తెలుసు. కారణం ఈ మడతలోనే ఉంది. ఎలుకలో అక్కడ మూలకణాలు ఎప్పటికీ మిగులుతాయి, వాటిని నిలబెట్టే ఎఫ్‌జీఎఫ్-10 అనే ప్రోటీన్ సంకేతం ఆగదు. వేర్లు వచ్చే పళ్లలో ఆ సంకేతం తగ్గిపోతుంది. మడత ఎనామెల్ పని మానేసి తొడుగుగా మారుతుంది.

తొడుగు లోపల పాపిల్లా అనే మెత్తటి కణాల ముద్ద ఉంటుంది, రేపు పల్ప్, అంటే పంటి లోపలి నరాలు, రక్తనాళాలున్న మెత్తటి భాగం అయ్యేది అదే. బయట పన్నును చుట్టి ఫాలికిల్ అనే సంచిలాంటి పొర ఉంటుంది. తొడుగు లోపలి పొర ఇచ్చే సంకేతంతో పాపిల్లా అంచు కణాలు ఒడాంటోబ్లాస్టులుగా మారి వేరు డెంటిన్‌ను, అంటే పల్ప్ చుట్టూ ఉండే గట్టి గోడను కడతాయి. స్లాబుకు సెంట్రింగ్ కొట్టడం లాంటిదే ఈ ఏర్పాటు. ఆకారం సెంట్రింగ్‌ది, పోత డెంటిన్‌ది. పోత పడకముందే ఎక్కడైనా సెంట్రింగ్ తెగితే అక్కడ కన్నం మిగులుతుంది. పోత గట్టిపడ్డాక కూడా ఊడదీయకపోతే పైపని సాగదు. ఈ రెండు తప్పులూ పళ్లలో నిజంగానే జరుగుతాయి. మొదటిదాని ఫలితం పక్క కాలువలు. రక్తనాళం అడ్డొచ్చో, తొడుగు ముందే తెగో, అక్కడ డెంటిన్ పడదు. రూట్ కెనాల్ చేసినప్పుడు ఫైలు అనే సన్న సూది ఈ కాలువల్లోకి పోదు, మందు నీటితో కడగడమే గతి. రెండోదాని ఫలితం ఎనామెల్ ముత్యం. తొడుగు డెంటిన్‌కు అతుక్కుపోయిన చోట దాని కణాలు ఎనామెల్ తయారుచేసేస్తాయి. పై దవడ పళ్లలో వేర్లు చీలే చోట ఇది ఎక్కువ. పన్నును ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ నారలు ఎనామెల్‌కు పట్టవు కాబట్టి అక్కడ పాచి చేరి చిగురు సంచి లోతవుతుంది. ఎక్స్‌రేలో గుండ్రంగా తెల్లగా కనిపిస్తే గార అనుకుని గంటసేపు స్కేలర్‌తో గీకుతారు. అది రాదు. గారకు అంచు గరుకుగా ఉంటుంది, ముత్యానికి నున్నగా ఉంటుంది.

తొడుగు కొస లోపలికి వంగి డయాఫ్రమ్ అవుతుంది. వేరు కిందికి తవ్వుకుంటూ పోతుందని చాలామంది ఊహిస్తారు. డయాఫ్రమ్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పన్నే దానికి దూరంగా జరుగుతుంది. దవడ పళ్లలో డయాఫ్రమ్ అంచు నుంచి మడతలు పెరిగి నడుమ కలుస్తాయి. రెండు కలిస్తే రెండు వేర్లు, మూడైతే మూడు. ఆ మడతలు ఆలస్యంగా కలిస్తే పల్ప్ గది పొడుగ్గా సాగి, వేర్లు పొట్టిగా, చీలిక బాగా లోతులో ఏర్పడతాయి. దీన్నే టారోడాంటిజం అంటాం. అలాంటి పంటికి రూట్ కెనాల్ మొదలుపెడితే గది అడుగు ఎంతకీ తగలదు. కాలువల నోళ్లు కనపడాలంటే మైక్రోస్కోప్ కావాలి. బర్‌తో, అంటే తొలిచే ముల్లుతో, ఇంకా లోతుకు వెతికితే అడుగు చిల్లుపడుతుంది. ముందు ఎక్స్‌రే చూసి లోతు కొలుచుకోవాలి.

ఇక సెంట్రింగ్ ఊడదీసే ఘట్టం. తొలి డెంటిన్ పడగానే తొడుగు ముక్కలై వలలా విడిపోతుంది. ఆ సందుల్లోంచి ఫాలికిల్ కణాలు వచ్చి డెంటిన్‌ను తాకి, సిమెంటోబ్లాస్టులై వేరు పైపొర అయిన సిమెంటం వేస్తాయి. మెడవైపు వేసేది కణాలు లేని సిమెంటం, 20 నుంచి 50 మైక్రాన్ల మందం. కొసవైపు, వేర్లు చీలే చోట కణాలున్న సిమెంటం పడుతుంది, కొస దగ్గర మందం 150 నుంచి 200 మైక్రాన్లు. మెడ దగ్గర ఎనామెల్, సిమెంటం ఎలా కలుస్తాయో పుస్తకాలన్నీ ఒకటే లెక్క చెబుతాయి: దాదాపు 60 శాతం చోట్ల సిమెంటం ఎనామెల్ మీదికి ఎక్కుతుంది, 30 శాతం చోట్ల అంచుకు అంచు తగులుతుంది, 10 శాతం చోట్ల నడుమ డెంటిన్ బయటే ఉండిపోతుంది. చిగురు కాస్త కిందికి జారగానే కొందరికి చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమనడానికి ఆ ఖాళీ ఒక కారణం.

తొడుగు ముక్కలు అన్నీ చనిపోవు. కొన్ని లిగమెంట్‌లో గుంపులుగా జీవితాంతం ఉంటాయి. 1885లో వీటిని వర్ణించిన మలాసే పేరుతోనే పిలుస్తాం. పల్ప్ చచ్చి వేరు కొస దగ్గర వాపు వస్తే ఈ కణాలు నిద్రలేచి గుణించుకుంటాయి. దవడల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తిత్తి, రాడిక్యులర్ సిస్ట్, పుట్టేది వీటినుంచే.

సిమెంటం పడుతుండగానే అదే ఫాలికిల్ ఇంకో రెండు పనులు చేస్తుంది. పన్ను కూర్చునే గూటి ఎముక, ఆ ఎముకకూ వేరుకూ మధ్య లిగమెంట్. లిగమెంట్ వెడల్పు 0.15 నుంచి 0.38 మిల్లీమీటర్లే, వేరు నడిమి భాగంలో అన్నిటికన్నా సన్నం. నారల ఒక కొస సిమెంటంలో, రెండో కొస ఎముకలో పాతుకుని ఉంటుంది. పన్ను ఎదుటి పన్నును తాకి నమలడం మొదలయ్యాకే ఈ నారలు లావెక్కి సరైన వరసలోకి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఏటవాలువి. నమిలినప్పుడు వేరు మీద పడే ఒత్తిడి ఎముకకు లాగుడుగా చేరేది వీటివల్లే. గూటి ఎముక సంగతి ఒక్క మాటలో: పన్ను పుట్టకపోతే అది ఏర్పడదు, పన్ను పీకేస్తే కరిగిపోతుంది.

మరి పన్నును బయటికి తోసేది ఎవరు? పెరిగే వేరే తోస్తుందని చాలాకాలం నమ్మారు. కాహిల్, మార్క్స్ అనే పరిశోధకులు 1980లో కుక్కల ప్రీమోలార్ల (పెద్ద దవడ పళ్లకు ముందుండే పళ్ల) మీద చూసింది ఏమిటంటే, ఫాలికిల్‌ను తీసేస్తే పన్ను కదలదు. 1984లో ఇంకాస్త ముందుకెళ్లి, ఫాలికిల్‌ను ఉంచి లోపలి పన్నును తీసి, దాని స్థానంలో కృత్రిమ నమూనా పెట్టారు. అదీ పైకి వచ్చింది! ఎముకలో దారి తొలిచేది, వెనక ఎముక పోసేది ఫాలికిలే. మనుషుల్లోనూ డెంటిన్ డిస్‌ప్లేసియా అనే జన్యులోపం మొదటి రకంలో దాదాపు వేర్లు లేని పళ్లు చిగురు దాటి వస్తాయి. అయితే అవి నిలబడవు, వదులై ఊడిపోతాయి.

ఇప్పుడు ఎక్స్‌రే దగ్గరికి వద్దాం. విద్యార్థులూ, ఇది మీకు. పన్ను ఎంతవరకు తయారైందో మెట్లుగా చెప్పడానికి నొల్లా 1960లో ఇచ్చిన లెక్కలో కిరీటం పూర్తయితే 6, వేరు మూడో వంతు వస్తే 7, మూడింట రెండు వంతులైతే 8, కొస తెరిచే ఉండి వేరు దాదాపు పూర్తయితే 9, మూసుకుంటే 10. పన్ను ఎముకలో కదలడం మొదలుపెట్టేది 6లో, చిగురు దాటేది 8 ప్రాంతంలో. తెరిచిన కొస కింద నల్లగా ఒక గుండ్రటి నీడ కనిపిస్తుంది. అది చీము గడ్డ కాదు, పెరుగుతున్న పాపిల్లా. చుట్టూ సన్నని తెల్లటి గీత చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది తెలియక బతికున్న పంటికి రూట్ కెనాల్ మొదలుపెడితే ఆ వేరు ఇక అక్కడే ఆగిపోతుంది. అనుమానం వస్తే అవతలి పక్క అదే పంటికి ఎక్స్‌రే తీసి పోల్చండి. పల్ప్ బతికుందో లేదో చూసే కరెంటు టెస్టర్‌ను మాత్రం నమ్మకండి, కొస తెరిచిన పళ్లలో నరాల అల్లిక ఇంకా కుదిరి ఉండదు, ఆరోగ్యమైన పన్ను కూడా జవాబివ్వకపోవచ్చు.

ముందుపన్ను విరిగి పల్ప్ బయటపడిన ఎనిమిదేళ్ల బిడ్డకు ఏం చేయాలి? పల్ప్ మొత్తం తీయడం తప్పు. దెబ్బ తగిలిన చోట 2 మిల్లీమీటర్ల లోతు మాత్రమే, నీటి ధారతో డైమండ్ బర్ వాడి తీస్తారు. సెలైన్‌లో తడిపిన దూది అదిమిపట్టి రక్తం ఆగేదాకా చూస్తారు. అయిదు నిమిషాలకూ ఆగకపోతే వాచిన పల్ప్ ఇంకా మిగిలిందని, మరికాస్త లోతుకు వెళ్లాలి. ఆగాక కాల్షియం హైడ్రాక్సైడ్ గానీ ఎంటీఏ అనే సిమెంటు లాంటి మందు గానీ పెట్టి, పైన గాలి చొరబడకుండా మూసేస్తారు. స్వీడన్‌కు చెందిన స్వెక్ 1978లో ఇలా చేసిన 60 పళ్లలో 96 శాతం నయమయ్యాయి. దెబ్బ తగిలి ఎన్ని గంటలైంది, రంధ్రం ఎంత పెద్దది అన్నవి అందులో పెద్ద తేడా తేలేదు.

పల్ప్ పూర్తిగా చచ్చిపోతే కథ కష్టం. పాత పద్ధతిలో కాల్షియం హైడ్రాక్సైడ్ నెలల తరబడి మారుస్తూ కొస దగ్గర గట్టి పొర వచ్చేదాకా ఆగేవారు. పొర వచ్చేది గానీ, పలచని గోడ పలచగానే ఉండి మెడ దగ్గర విరిగేది. ఇప్పుడు ఎంటీఏతో 4, 5 మిల్లీమీటర్ల బిరడా వేసి ఒకటి రెండు సిట్టింగుల్లో ముగిస్తున్నారు. గోడ మందం దానితోనూ పెరగదు. 2001 తర్వాత వచ్చిన మూడో దారి, కొస దగ్గర మిగిలిన మూలకణాలను రక్తంతో లోపలికి రప్పించడం. ఇక్కడ క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ 1.5 శాతమే వాడాలి, గాఢమైనది ఆ కణాలనే చంపుతుంది. చివర 17 శాతం ఈడీటీఏ అనే ద్రావణంతో కడగాలి. రక్తం రావాలి కాబట్టి మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉండకూడదు. కొన్ని కేసుల్లో వేరు పొడవు, మందం పెరుగుతాయి. పెరిగింది ఎక్కువగా సిమెంటం లాంటిదో ఎముక లాంటిదో, అసలు డెంటిన్ కాదు. అయినా పలచటి గోడకు అదే మేలు.

టీచర్లు వినాల్సింది ఇప్పుడు. ఆటలో శాశ్వత పన్ను వేరుతో సహా ఊడిపడితే వేరు మీద అంటుకున్న లిగమెంట్ కణాలే దాని ప్రాణం. కిరీటం పట్టుకుని తీయండి, వేరును తాకకండి, రుద్దకండి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో కాసేపు తొలిపి, వీలైతే అక్కడికక్కడే గూటిలో పెట్టి రుమాలు కొరకమనండి. పెట్టలేకపోతే పాలలో వేసి పరిగెత్తండి. గ్లాసు నీళ్లలో నానబెట్టడం, కాగితంలో చుట్టడం రెండూ చేటే. పొడిగా 60 నిమిషాలు దాటితే ఆ కణాలు బతికి ఉండే ఆశ లేదు, ఎముక నేరుగా వేరును తినేస్తూ పోతుంది, పెరిగే దవడలో ఆ పన్ను కిందే ఉండిపోతుంది. డాక్టరు 0.4 మిల్లీమీటర్లకు మించని తీగతో రెండు వారాలు కట్టు వేస్తారు. కొస తెరిచిన పంటికి మళ్లీ రక్తప్రసారం వచ్చే అవకాశం ఉంది కాబట్టి వెంటనే రూట్ కెనాల్ చేయరు. కానీ ఇన్‌ఫెక్షన్ వస్తే వేరు వారాల్లో కరుగుతుంది. అందుకే మొదటి మూడు నెలలూ నెలనెలా చూపించాలి, ఆ తర్వాత ఆరో నెల, ఏడాది, పిమ్మట ఏడాదికోసారి. పాలపన్ను ఊడితే మాత్రం మళ్లీ పెట్టకూడదు, కింద ఉన్న మొగ్గకు దెబ్బ.

తల్లిదండ్రులకు ఒక మాట. పాలపన్ను తన వయసుకు ఊడితే దానికి వేరు ఉండదు, అరిగిపోయి ఉంటుంది. దెబ్బా లేదు, చిగురు వాపూ లేదు, అయినా నాలుగేళ్లు నిండకముందే కింది ముందుపన్ను పొడుగాటి వేరుతో సహా చేతికొస్తే, దాన్ని ఇంటికప్పు మీదికి విసిరేయకండి, వెంట తీసుకురండి. హైపోఫాస్ఫటేసియా అనే జన్యులోపంలో కణాలు లేని సిమెంటం సరిగా పడదు, నారలకు పట్టు దొరకదు, ఎముకలూ బలహీనమవుతాయి. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తగ్గిందేమో చూపించాలి. పిల్లల్లో ఈ ఎంజైమ్ పెద్దవాళ్లకన్నా బాగా ఎక్కువగా ఉండడమే మామూలు కాబట్టి, ల్యాబ్ రిపోర్టులో పెద్దల కొలత పక్కన నార్మల్ అని రాసి ఉన్నా, ఆ వయసు పిల్లల కొలతతో పోల్చమని అడగండి.