అడుగుకు అరిసెలు పంచిన మర్నాడు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం మన అతిథి నెల్లూరులో ఒక మహిళా కళాశాలలో చాలా ఏళ్లు శిశు వికాసం బోధించారు. ఇప్పుడు ప్రకాశం జిల్లా పల్లెల్లో అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నారు. నేను కూడా ఆమె దగ్గర చదువుకున్నదాన్నే. మేడమ్, కందుకూరు నుంచి ఒక తల్లి పంపిన ప్రశ్నతో మొదలుపెడతాను. వాళ్ల పాప పదకొండో నెలలో నాలుగు అడుగులు వేసిందట. ఇంట్లో అరిసెలు వండి పంచారు. అప్పటి నుంచి పాప నిలబడటమే మానేసి మళ్లీ పాకుతోందట. దిష్టి తగిలిందని అత్తగారు, కాళ్లలో బలం లేదేమోనని ఈమె.

అతిథి: ముందు ఆ తల్లి భయం పోగొట్టాలి. ఇది చాలా మామూలు విషయం. మన ఇళ్లలో అడుగుకు అరిసెలు, పలుకుకు చిలకలు, బోర్లా పడితే బొబ్బట్లు అని ఒక్కోదానికి ఒక్కో పండుగ చేస్తాం. ఆ మురిపెం నాకు చాలా ఇష్టం. అయితే పండుగ ఒక్క రోజుది. నడక ఒక్క రోజులో వచ్చేది కాదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరెన్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు తల్లిదండ్రుల చేత పసిపిల్లల గురించి రోజువారీ పట్టిక రాయించారు. ఇవాళ కూర్చున్నాడా, పాకాడా, పట్టుకోకుండా నిలబడ్డాడా అని. ఆ పరిశోధన 2008లో వెలువడింది. ఒక నైపుణ్యం ఒక రోజు కనిపిస్తుంది, రెండు రోజులు కనిపించదు, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. అలా చాలాసార్లు వచ్చి పోయాక గానీ స్థిరపడదు. అదే పట్టికను నెలకొకసారి మాత్రమే చూస్తే, పోయిన నెల రాలేదు, ఈ నెల వచ్చింది అనిపిస్తుంది. మధ్యలో జరిగిందంతా మాయమైపోతుంది.

వ్యాఖ్యాత: అంటే మనం ఎన్నాళ్లకొకసారి చూస్తున్నామనే దాన్ని బట్టి ఎదుగుదల ఆకారమే మారిపోతుంది.

అతిథి: అవును. మనం అరుదుగా చూస్తాం, అందుకే ఎదుగుదల మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నడక సంగతే ఇంకొంచెం చెప్పనీ. అడాల్ఫ్ బృందం 2012లో ఇంకో లెక్క ప్రచురించింది. పన్నెండు నుంచి పంతొమ్మిది నెలల పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు పదిహేడు సార్లు! తప్పటడుగులని మనం ముద్దుగా అనుకునేది వాళ్లకు పెద్ద సాధన. వంటింట్లో పని చూసుకుంటున్న తల్లి కంట పడేవి అందులో ఎన్ని? పోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి, 2006లో ఇచ్చిన వ్యవధి చూడు. ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల వరకు ఎప్పుడైనా రావచ్చు. తొమ్మిది నెలలకు పైగా తేడా! పక్కింటి పిల్లవాడితో పోల్చి కుమిలిపోయే ముందు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు.

వ్యాఖ్యాత: నడక అంటే ఒళ్లు, కాళ్లు, బరువు. ఆలోచనలో కూడా ఇలాగే ఉంటుందా?

అతిథి: ఆలోచనలో ఇంకా ఎక్కువ! మార్కాపురం దగ్గర ఒక అంగన్‌వాడీ కేంద్రంలో చూసింది చెబుతాను. అయిదేళ్ల పిల్లవాడు. ఆరుకు మూడు కలపమంది కార్యకర్త. చింతగింజలు ఆరు పేర్చాడు, పక్కన మూడు పేర్చాడు, మళ్లీ మొదటి నుంచి ఒకటి, రెండు, మూడు అని తొమ్మిది దాకా లెక్కపెట్టాడు. కాసేపటికి నేను అదే లెక్క ఇచ్చాను. ఈసారి గింజల జోలికి పోలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి చూశాడు. చాలాసేపు. తర్వాత పెదవులు మాత్రం కదిపి, "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అన్నాడు. మర్నాడు అదే లెక్కకు మళ్లీ గింజలు తీశాడు. కార్యకర్త నొచ్చుకుంది, "నిన్న వచ్చిందే, ఇవాళ మరిచిపోయాడు" అని.

వ్యాఖ్యాత: పెద్ద అంకె మనసులో, చిన్న అంకె చేతిలో. మా పంతులు గారు కూడా మాకు అదే చెప్పేవారు.

అతిథి: ఆ పద్ధతే! మన బడుల్లో దాన్ని నోటితో నేర్పేస్తాం. కానీ ఎవరూ నేర్పకుండా పిల్లలు దాన్ని తమంతట తాము ఎలా కనిపెడతారో చూడాలనుకున్నారు రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన, జెన్‌కిన్స్ కలిసి నాలుగైదేళ్ల పిల్లలను పదకొండు వారాల పాటు, ఒక్కొక్క లెక్క దగ్గరా కూర్చుని గమనించారు. ఆ పుస్తకం 1989లో వచ్చింది. అందులో నన్ను బాగా ఆలోచింపజేసినవి రెండు ఉన్నాయి. లెక్క తప్పినప్పుడే పిల్లలు కొత్త దారి వెతుక్కుంటారని కదా మనం అనుకుంటాం. వాళ్లు మాత్రం సరిగ్గా చేయగలిగిన తేలిక లెక్కల్లో కూడా కొత్త పద్ధతి కనిపెట్టారు. రెండోది, కనిపెట్టడానికి కొద్దిగా ముందు జవాబు ఆలస్యమయ్యేది, మాట తడబడేది. ఆ తడబాటు చూసి మనం ఏం చేస్తాం? "త్వరగా చెప్పు" అంటాం. లేకపోతే జవాబు మనమే అందిస్తాం.

వ్యాఖ్యాత: అంటే సరిగ్గా మార్పు జరుగుతున్న క్షణంలో అడ్డు తగులుతున్నాం.

అతిథి: తెలియక చేస్తున్నాం. నా బాధంతా అదే. ఇంకోటి విను. కొత్త పద్ధతి దొరికాక కూడా పిల్లలు దాన్ని వెంటనే పట్టుకోరు. పాతదీ కొత్తదీ కలిపి వాడుతుంటారు. 22, 3 కలపమనడం లాంటి లెక్కలు ఇచ్చినప్పుడు, అప్పటికే కొత్త పద్ధతి కనిపెట్టి ఉన్న పిల్లలు దాన్ని బాగా వాడారు. ఇరవై రెండు వేళ్లు ఎక్కడినుంచి వస్తాయి మరి! అంతకుముందే 1984లో సీగ్లర్, ష్రేగర్ ఒకే లెక్కను ఒకే బిడ్డకు రెండు వేర్వేరు రోజుల్లో ఇచ్చి చూశారు. సుమారు మూడింట ఒక వంతు సందర్భాల్లో బిడ్డ పద్ధతి మార్చింది. అది కూడా ప్రతిసారీ మెరుగైన దాని వైపు కాదు. అందుకే సీగ్లర్ ఎదుగుదలను ఒకదాని మీద ఒకటి కమ్ముకునే అలలతో పోల్చారు. కొత్తపట్నం తీరాన నిలబడి చూడు. ఒక అల ఇంకా వెనక్కి తీస్తుండగానే ఇంకోటి దాని మీదికి వచ్చేస్తుంది.

వ్యాఖ్యాత: మార్కాపురం అంటే పలకల ఊరు కదా. మీరు చెబుతుంటే నాకు పలకే గుర్తొస్తోంది. రాసింది చెరిపేస్తాం, ఇక నిన్నటి తప్పు ఏ తీరుదో ఇవాళ తెలియదు.

అతిథి: పిల్లలకు పలక మంచిది. తప్పు రాయడానికి భయపడరు. నష్టం మనకే. కేంద్రంలో బరువు, ఎత్తు నమోదు చేస్తాం. అది తప్పకుండా కావాలి. బిడ్డ జవాబుకు ఏ దారిలో వచ్చాడో మాత్రం ఎక్కడా ఉండదు. "అంకెలు వచ్చు", "అంకెలు రావు" అని రెండే గడులు. మా మార్కాపురం పిల్లవాడిని ఏ గడిలో వేస్తావు?

వ్యాఖ్యాత: మరి బిడ్డ మారబోతున్నాడని ముందే తెలుసుకునే ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా, తడబాటు కాకుండా?

అతిథి: చేతులు చూడాలి! షికాగో విశ్వవిద్యాలయంలో సుసాన్ గోల్డిన్-మెడో, బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్ 1986లో దీన్ని చూపించారు. పిల్లల ఆలోచన మీద పరిశోధన చేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే ప్రసిద్ధ ప్రయోగం నీకు గుర్తుందా? ఒక గ్లాసులో నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే, నీళ్లు తగ్గాయంటారు చిన్నపిల్లలు. కొందరు నోటితో "ఇది పొట్టిగా ఉంది, అందుకే తక్కువ" అంటూనే, రెండు చేతులూ చాచి గిన్నె వెడల్పు చూపిస్తారు. ఆ వెడల్పు సంగతి నోటికి ఇంకా అందలేదు, చేతికి అందింది. అలా మాటకూ చేతికీ పొంతన లేని పిల్లలే, నేర్పినప్పుడు మిగతావారికంటే బాగా అందుకున్నారు. పొంతన లేకపోవడాన్ని మనం అయోమయం అంటాం. అది సిద్ధంగా ఉన్నారనడానికి గుర్తు. శిక్షణలో ఇది చెప్పినప్పుడల్లా కార్యకర్తలు మర్నాటి నుంచి పిల్లల చేతులు చూడటం మొదలుపెడతారు. నాకు అంతకంటే సంతోషం లేదు.

వ్యాఖ్యాత: ఇదంతా రోజుల్లో, వారాల్లో వచ్చే మార్పు. ఏళ్ల తరబడి చూస్తే?

అతిథి: అక్కడ కూడా ముందే రాసిపెట్టినట్టు ఏమీ ఉండదు. యంగ్ లైవ్స్ అనే పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై, అదే పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ఏడాది వయసులో ఎదుగుదల గిడసబారిన పిల్లల్లో కొందరు ఎనిమిదేళ్లకు ఎత్తులో కోలుకున్నారు. గిడసబారే ఉండిపోయిన వారికంటే ఆ కోలుకున్న పిల్లలు చదువు పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. ఏడాదికే "వీడింతే" అని తీర్పు చెప్పకూడదని ఇలాంటివి చూశాకే నాకు నమ్మకం కుదిరింది. తిండి, ఆట, మాట, ఇవన్నీ తర్వాత కూడా పనిచేస్తాయి.

వ్యాఖ్యాత: ఒక సందేహం. అన్నీ మామూలే అనుకుని నిజమైన సమస్యను వదిలేసే ప్రమాదం లేదా?

అతిథి: ఉంది. ఇక్కడ గట్టిగా చెబుతాను. వచ్చిపోతూ ఉండటం వేరు, పోయి తిరిగి రాకపోవడం వేరు. మాటలు వచ్చిన బిడ్డ మాట్లాడటం మానేసినా, పిలిస్తే చూడటం, నవ్వడం తగ్గిపోయినా, పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోయినా ఆగకూడదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. ఆ వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. వాళ్లు వచ్చేదాకా కూడా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. దిష్టి తీసుకోండి, తప్పులేదు. డాక్టరు దగ్గరకు కూడా వెళ్లండి.

వ్యాఖ్యాత: కందుకూరు తల్లి ఇప్పుడేం చేయాలి?

అతిథి: పాప హుషారుగా పాకుతూ, పట్టుకుని లేస్తూ ఉంటే బెంగ అక్కర్లేదు. క్యాలెండరు గోడకే ఉంటుంది కదా, నిలబడిన రోజు తేదీ పక్కన ఒక చుక్క పెట్టమను, నిలబడని రోజు వదిలేయమను. ఎక్కడ, ఏం పట్టుకుని లేచిందో కూడా రెండు మాటలు రాయమను. నేల నున్నగా ఉందా, పట్టీలు కొత్తవా, జ్వరం వచ్చి తగ్గిందా, ఇవి కూడా. నెల చివర ఆ క్యాలెండరు అత్తగారితో కలిసి చూడమను. ఆ కాగితం ఫొటో తీసి నీకు పంపమను, నాకూ చూడాలని ఉంది.